జింకు పూత మెరవకపోతే తప్పు జింకుదేనా? ఉక్కులోని సిలికాన్‌పై అపోహలు - వాస్తవాలు

ఉక్కును కరిగిన జింకులో ముంచి పూత వేసే హాట్ డిప్ గాల్వనైజింగ్ యూనిట్‌లో పనిచేసేవాళ్లు తరచూ వినే ఫిర్యాదు ఇది: "ఈ యాంగిల్ తళతళలాడుతోంది, పక్కది సిమెంటు రంగులో ఉంది. జింకులో ఏదో కలిపారు." రెండూ ఒకే బాత్‌లో (కరిగిన జింకు తొట్టిలో), ఒకే షిఫ్టులో, అంతే సేపు మునిగినవే. నిందేమో గాల్వనైజర్ మీద పడుతుంది, కారణం ఉక్కు కరిగిన చోట ఉంటుంది.

అపోహ: మెరిసేదే మంచి పూత.

వాస్తవం: దాదాపు 450 డిగ్రీల సెల్సియస్ వేడిలో కరిగి ఉన్న జింకులో ఉక్కు మునగగానే ఇనుము, జింకు కలిసి మిశ్రమ పొరలు కడతాయి. ఉక్కును ఆనుకుని పల్చగా గామా, దాని మీద డెల్టా, ఆపైన జీటా. ముక్కను పైకి లాగేటప్పుడు అంటుకుని వచ్చే జింకు పొర ఈటా. మెరుపంతా ఈ ఈటాదే. కొన్ని ఉక్కుల్లో సిలికాన్ వల్ల జీటా స్ఫటికాలు వదులుగా, పొడవుగా పెరుగుతాయి. వాటి సందుల్లోంచి ద్రవ జింకు లోపలికి దిగుతూనే ఉంటుంది కాబట్టి చర్య ఆగదు. జీటా పైదాకా పెరిగి ఈటాను మింగేస్తే మిగిలేది బూడిద రంగే. పూత ఎన్నేళ్లు కాపాడుతుందో తేల్చేది ప్రధానంగా దాని మందం, మెరుపు కాదు. మెరిసే పూత కూడా ఆరుబయట ఉంచితే కొన్నాళ్లకు మసకబారుతుంది.

జీటాలో సుమారు 6 శాతం ఇనుము ఉంటుంది. అందుకే ఇలాంటి పూత మీద కొన్నేళ్లకు గోధుమ రంగు మరకలు కనిపించవచ్చు. వాటిని చూసి ఉక్కు తుప్పు పట్టిందని తీర్మానించకండి. ముందు గేజ్ పెట్టి మందం కొలవండి.

అపోహ: సిలికాన్ పెరిగే కొద్దీ పూత మందం కూడా పెరుగుతుంది.

వాస్తవం: గ్రాఫ్ గీస్తే తిన్నని గీత రాదు. 1940ల తొలినాళ్లలో శాండెలిన్ అనే పరిశోధకుడు ఈ విషయాన్ని వెలుగులోకి తెచ్చారు. సిలికాన్ 0.03 శాతం లోపు ఉంటే మామూలు పూత. 0.04 నుంచి 0.14 శాతం మధ్య మందం ఒక్కసారిగా ఎగబాకుతుంది; దీన్నే శాండెలిన్ శ్రేణి, ఆ ఎగుడును శాండెలిన్ శిఖరం అంటాం. 0.15 నుంచి 0.25 దాకా దిగివచ్చి, ఆపైన మళ్లీ పెరుగుతుంది. జింకును కరిగించి ఉంచే కెటిల్‌ను సిలికాన్ బాగా తక్కువున్న ఉక్కుతో చేయించేది కూడా ఈ భయంతోనే. లేకపోతే జింకు కెటిల్‌నే తినేస్తుంది.

ఫాస్ఫరస్‌నూ వదలకూడదు. సిలికాన్ తక్కువున్న ఉక్కుకు మేం చూసే లెక్క: సిలికాన్ శాతానికి ఫాస్ఫరస్ శాతం రెండున్నర రెట్లు కలిపితే 0.09 దాటకూడదు. సిలికాన్ 0.02, ఫాస్ఫరస్ 0.035 ఉన్న హీట్‌ను (మిల్లులో ఒక్క విడతగా కరిగించిన ఉక్కును) తీసుకోండి. సిలికాన్ ఒక్కటే చూస్తే భేషుగ్గా ఉంది. కలిపితే 0.1075! ఈ ముక్కకు మెరుపు వస్తుందని మాట ఇవ్వలేం.

అపోహ: మిల్లు ఇచ్చే సర్టిఫికెట్‌లో ఐఎస్ 2062 (నిర్మాణాల ఉక్కుకు భారతీయ ప్రమాణం) అని ఉంటే చాలు.

వాస్తవం: ఆ ప్రమాణం ఇ250 గ్రేడ్ ఉక్కులో సిలికాన్‌ను 0.40 శాతం దాకా అనుమతిస్తుంది. కరిగిన ఉక్కులోంచి ఆక్సిజన్‌ను తొలగించడానికి మిల్లులు సిలికాన్‌ను కావాలనే వేస్తాయి. సిలికాన్‌తోనే ఆ పని చేస్తే అది కనీసం 0.10 శాతం ఉండాలని కూడా ఆ ప్రమాణమే చెబుతుంది. అంటే అన్ని విధాలా నిక్కమైన ఉక్కే సరిగ్గా శాండెలిన్ శిఖరం మీద వచ్చి కూర్చోవచ్చు. అది నాసిరకం ఉక్కు కాదు, కాకపోతే జింకుతో దాని నడత వేరు. కొనేటప్పుడే సిలికాన్ 0.03 లోపు గానీ, 0.15 - 0.25 మధ్య గానీ కావాలని రాతపూర్వకంగా అడగండి. "గరిష్ఠం 0.40" అని మాత్రమే రాసిచ్చే సర్టిఫికెట్ మాకు ఎందుకూ పనికిరాదు. హీట్ నంబరు వారీగా అసలు అంకె కావాలి.

అపోహ: త్వరగా బయటికి తీస్తే మందం తగ్గుతుంది.

వాస్తవం: కొంతవరకే. మందపాటి ముక్క బాత్ వేడిని అందుకోవడానికే సమయం పడుతుంది. తీశాక కూడా వేడి తగ్గేదాకా చర్య సాగుతుంది. వేడి ముక్కలను ఒకదానిపై ఒకటి పేరిస్తే మధ్యలోవి మరింత మసకబారేది అందుకే. వెంటనే నీళ్లలో ముంచడం మేలు.

అపోహ: పూత ఎంత మందమైతే అంత లాభం.

వాస్తవం: 5 మిల్లీమీటర్లు, ఆపైన మందమున్న ఉక్కుకు గాల్వనైజింగ్ పూతల ప్రమాణం ఐఎస్ 4759 అడిగేది చదరపు మీటరుకు 610 గ్రాములు, అంటే సుమారు 85 మైక్రాన్లు. జింకుతో చురుగ్గా చర్య జరిపే ఉక్కు మీద 200 మైక్రాన్లు దాటడం వింతేమీ కాదు. ఆయుష్షు పెరిగే మాట నిజమే. కానీ అంత మందాన మిశ్రమ పొర పెళుసు. లారీలోకి ఎక్కించి దించేటప్పుడు అంచుల దగ్గర పెచ్చులూడుతుంది, బోల్టు రంధ్రాలు ఇరుకవుతాయి.

అపోహ: బాత్‌లో నికెల్ కలిపితే ఏ ఉక్కైనా దారికొస్తుంది.

వాస్తవం: దాదాపు 0.05 శాతం నికెల్ శాండెలిన్ శ్రేణిని బాగానే అదుపు చేస్తుంది. సిలికాన్ 0.25 దాటిన ఉక్కు మీద దాని ప్రభావం నామమాత్రం.

అపోహ: ప్లేటు సిలికాన్ సరిపోతే ఇక చూడాల్సిందేమీ లేదు.

వాస్తవం: వెల్డింగ్ వైరు సంగతి? విరివిగా వాడే ఈఆర్70ఎస్-6 వైరులో సిలికాన్ 0.80 నుంచి 1.15 శాతం ఉంటుంది. అతుకును ప్లేటుతో సమంగా గ్రైండింగ్ చేసి పంపినా, జింకులోంచి వచ్చాక ఆ గీత మీద పూత ఉబ్బెత్తుగా లేచి కనబడుతుంది. గేట్లు, రెయిలింగుల వంటి కంటికి కనిపించే పనులకు సిలికాన్ తక్కువున్న వైరు లేదా ఎలక్ట్రోడ్ వాడమని ఫ్యాబ్రికేటర్‌కు ముందే చెప్పండి. పూత పడ్డాక దాన్ని సమం చేయబోతే అరిగిపోయేది జింకే.