చీమకుర్తి రాయి ఎక్కడి నుంచి వచ్చింది?

ఒంగోలు నుంచి పొదిలి వెళ్లే దారిలో చీమకుర్తి తగులుతుంది. చుట్టూ క్వారీలు, లారీల మీద గదంత బండలు. నున్నగా పాలిష్ చేస్తే నల్లటి రాయిలో బంగారు రజను చల్లినట్టు మెరుస్తుంది. మా వంటగట్టు మీద పరిచిందీ ఈ రాయే. వ్యాపారంలో దీన్ని బ్లాక్ గెలాక్సీ గ్రానైట్ అంటారు. నిజానికి ఇది గ్రానైట్ కాదు, గాబ్రో జాతి రాయి.

పేరులో ఏముందిలే అనుకోకండి, అసలు సంగతి అక్కడే ఉంది. గాబ్రోకి మూలం భూమి పైపొర కింద ఉండే మాంటిల్. అందులో కొంత భాగం కరిగి పైకి లేస్తుంది. చీమకుర్తిలో అలా లేచింది లావాగా బయట పారకుండా లోతులోనే ఆగి, నిదానంగా చల్లారింది. నిదానంగా చల్లారితేనే స్ఫటికాలు కంటికి కనబడేంత పెరుగుతాయి. ఆ బంగారు చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజానివి.

మాంటిల్ అంటే కుతకుత ఉడికే లావా అని చాలామంది అనుకుంటారు. స్కూలు చార్టుల్లో ఎర్ర రంగు పులమడం వల్ల కాబోలు. అది గట్టి రాయే. కాకపోతే ఆ వేడికీ ఒత్తిడికీ లక్షల ఏళ్లలో మెల్లగా జరుగుతుంది. ఖండాల పైపొర మందం సుమారు 30, 40 కిలోమీటర్లు. మాంటిల్ మాత్రం 2,900 కిలోమీటర్ల లోతు దాకా ఉంది. దాని కింద కరిగిన ఇనుము, నట్టనడుమ గట్టి ఇనుప గోళం. ఈ గోళాన్ని 1936లో డెన్మార్క్ శాస్త్రవేత్త ఇంగే లేమన్ భూకంప తరంగాలు చూసి పసిగట్టారు. మనిషి వేసిన అతి లోతైన బోరు రష్యాలోని కోలాలో ఉంది. అదీ 12,262 మీటర్లే.

పైపొరా, దానికి అంటుకున్న మాంటిల్ పైభాగమూ కలిసి పలకలుగా కదులుతుంటాయి. రెండు ఖండాలు దగ్గరైతే నడుమ సముద్రం మూసుకుపోతుంది. దాని అడుగు చాలావరకు మాంటిల్‌లోకి దిగిపోతుంది, ఎక్కడో చిన్న ముక్క పైన చిక్కుకుంటుంది. అలాంటి ముక్కలు మనకి రెండు చోట్ల దొరికాయి. గూడూరు దగ్గరిది సుమారు 185 కోట్ల ఏళ్ల నాటిది, కనిగిరి దగ్గరిది 133 కోట్ల ఏళ్ల నాటిది. ఫ్లోరైడ్ నీళ్లతో అల్లాడే కనిగిరిలో ఒకప్పటి సముద్రపు అడుగు!

ఇప్పుడున్న సముద్రం వీటితో పోలిస్తే పసిపిల్ల. మన తూర్పు తీరం ఒకప్పుడు అంటార్కిటికాకు అతుక్కుని ఉండేది. సుమారు 13 కోట్ల ఏళ్ల కిందట విడిపోయింది. కొత్తపట్నం బీచ్‌లో నిలబడితే ఆ చీలిక అంచున నిలబడ్డట్టే. అక్కడి నుంచి మన పలక ఉత్తరంగా సాగి, సుమారు 5 కోట్ల ఏళ్ల కిందట ఆసియాని గుద్దుకుంది. ఇప్పటికీ ఏడాదికి దాదాపు 5 సెంటీమీటర్లు జరుగుతోంది. మన గోళ్లు కూడా ఇంచుమించు ఆ వేగంతోనే పెరుగుతాయి.

హిమాలయాల దగ్గరి ఆ తోపుడు పలక అంతటా పాకుతుంది. లోపల పాత పగుళ్లున్న చోట ఎప్పుడో ఒకసారి నేల జారుతుంది. 1967 మార్చి 27న ఒంగోలులో 5.4 తీవ్రతతో భూమి కంపించింది. అటక మీది ఇత్తడి బిందెలు దొర్లాయని మా అమ్మమ్మ చెప్పేది. ఎవరో దొంగలు దూరారనుకుని కర్ర పట్టుకుని బయటికొచ్చిందట.