పులియబెట్టిన జిన్సెంగ్‌తో మతిమరుపు పోతుందా? అపోహలు - వాస్తవాలు

కావలిలో మెడికల్ షాపు నడుపుతున్న ఫార్మసిస్టుని. ఈమధ్య ఫోన్లో బొమ్మ చూపించి, "నాన్నకి మతిమరుపొస్తోందన్నా, ఈ పులియబెట్టిన జిన్సెంగ్ తెప్పిస్తారా?" అని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. కన్నవాళ్ల మీద ప్రేమతో అడిగే మాట అది. అందుకే నాకు తెలిసింది వివరంగా రాస్తున్నాను.

అపోహ: జిన్సెంగ్ అంటే మన పెన్నేరు గడ్డే.

వాస్తవం: కాదు. పెన్నేరు గడ్డ అంటే అశ్వగంధ. వంకాయ, టమాటా కుటుంబం దానిది. 'ఇండియన్ జిన్సెంగ్' అని పేరు పెట్టి అమ్మడంతో వచ్చిన తికమక ఇది. అసలు జిన్సెంగ్ కొరియా, ఈశాన్య చైనా కొండల నీడలో పెరిగే మొక్క వేరు.

అపోహ: పులియబెడితే గుణం పెరుగుతుంది, జ్ఞాపకశక్తి వచ్చి తీరుతుంది.

వాస్తవం: మొదటి ముక్కలో కొంత నిజముంది. జిన్సెంగ్‌లో పనిచేసేవి జిన్సెనోసైడ్లు. వాటికి చక్కెర అణువులు అతుక్కుని ఉండడం వల్ల ఉన్నవి ఉన్నట్టుగా రక్తంలోకి సరిగా చేరవు. పేగుల్లోని బాక్టీరియా ఆ చక్కెరల్ని ఊడదీసి 'కాంపౌండ్ కె' అనే పదార్థంగా మారిస్తే సులువుగా చేరతాయి. ఈ బాక్టీరియా అందరి కడుపులో ఒకేలా ఉండదు. పులియబెట్టడమంటే ఆ పని ముందే చేయించడం. పాలు పడనివాళ్లు కొందరు పెరుగు అరిగించుకుంటారే, అలాంటిదే. ఆవిరి పట్టి ఎండబెట్టే ఎర్ర జిన్సెంగ్ వేరు, ఇది వేరు.

కానీ రక్తంలో చేరినంత మాత్రాన జ్ఞాపకశక్తి పెరిగినట్టు కాదు. పులియబెట్టిన రకం మీద జరిగిన జ్ఞాపకశక్తి పరీక్షలు ఎక్కువగా ఎలుకల మీదవే. స్కోపోలమైన్ అనే మందిచ్చి ఎలుకకు మరుపు తెప్పిస్తారు. మెదడులో జ్ఞాపకానికి అవసరమైన అసిటైల్‌కోలిన్ అనే రసాయనం పనిని ఆ మందు అడ్డుకుంటుంది. జిన్సెంగ్ ఇచ్చిన ఎలుకలు మేలుగా దారి గుర్తుపట్టాయంటే అది ఆశ పుట్టించే మాటే, మనిషికి మందు దొరికినట్టు కాదు. మనుషుల సంగతి చూస్తే, కొరియాలో 97 మంది అల్జీమర్స్ రోగుల్లో కొందరికి 12 వారాలు మామూలు జిన్సెంగ్ పొడి ఇచ్చి 2008లో ఫలితాలు ప్రకటించారు. రోజుకు 4.5 గ్రాములు తీసుకున్న వాళ్లకు కొంత మెరుగైంది. మానేశాక ఆ మెరుగు నిలవలేదు. పైగా తాము ఏం తీసుకుంటున్నదీ రోగులకు తెలుసు, కాబట్టి ఆ ఫలితాన్ని గట్టి రుజువుగా తీసుకోలేం.

అపోహ: ఇంటర్ పరీక్షల ముందు పిల్లలకిస్తే మంచిది.

వాస్తవం: ఆరోగ్యవంతుల్లో జ్ఞాపకశక్తి పెరుగుతుందనడానికి నమ్మదగ్గ ఆధారం లేదని వైద్య పరిశోధనల్ని కలిపి పరిశీలించే కోక్రేన్ సంస్థ 2010 నాటి సమీక్ష తేల్చింది. పిల్లల్ని నిద్రపోనివ్వండి.

అపోహ: వేరే కదా, ఏ హానీ ఉండదు.

వాస్తవం: రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవాళ్లలో ఆ మందు పని తగ్గవచ్చు. షుగరు మందులతో కలిస్తే షుగరు బాగా పడిపోవచ్చు. కొందరికి నిద్ర పట్టదు. డబ్బా మీద 'ఔషధ వినియోగానికి కాదు' అనే అర్థంలో ఇంగ్లీషులో రాసి ఉంటుంది, చూడండి.

అపోహ: మతిమరుపు వయసుతో వచ్చేదే, ఏదో ఒక టానిక్ చాలు.

వాస్తవం: నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే. ఎలుకకు మరుపు తెప్పించే మందు గురించి చెప్పాను కదా, జలుబు బిళ్లల్లో ఉండే క్లోర్‌ఫెనిరమైన్ కూడా అదే అసిటైల్‌కోలిన్‌ని అడ్డుకుంటుంది. పెద్ద వయసులో ఆ దెబ్బ ఎక్కువ. కార్తీకం ముసుర్లో బిట్రగుంట నుంచి ఒకామె తండ్రి కోసం జిన్సెంగ్ అడగడానికొచ్చింది. ముందు ఆయన మందుల కవరు తెమ్మన్నాను. అందులో జలుబు బిళ్లలు ఖాళీ అయిన షీట్లు ఆరేడు. "జలుబు ఎప్పుడో తగ్గిందన్నా, అవి వేసుకుంటే నిద్ర పడుతుందని రోజూ రాత్రి మింగుతున్నాడు" అంది. డాక్టరు దగ్గరికి పంపాను. ఆయన అవి మాన్పించారు. నెల తిరక్కముందే పాల లెక్క మళ్లీ తండ్రే రాస్తున్నాడని చెప్పింది. అందరికీ ఇలాగే జరుగుతుందని కాదు. విటమిన్ బి12 తక్కువైనా, థైరాయిడ్ మందగించినా, దిగులు పట్టుకున్నా మరుపొస్తుంది. షుగరుకి మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవాళ్లలో బి12 పడిపోవచ్చు, రక్తపరీక్షలో అది తెలిసిపోతుంది.

జిన్సెంగ్ కొనే ముందు ఇంట్లో ఉన్న బిళ్లలన్నీ ఒక కవర్లో వేసి డాక్టరుకి చూపించండి. రోజూ వేసుకోనివి, పక్కింటివాళ్లు ఇచ్చినవి కూడా.