మాయకి లెక్కలుండవా? ఫాంటసీ నవలల చుట్టూ అపోహలు - వాస్తవాలు

పన్నెండేళ్ళుగా ఫాంటసీ నవలలు రాస్తున్నాను. పగలు విజయవాడ వన్‌టౌన్‌లో బట్టల హోల్‌సేల్ కొట్టులో పద్దులు రాస్తాను, తెల్లవారుజామున నాలుగున్నర నుంచి ఏడు దాకా నవల. ప్రతి జనవరిలో పుస్తకాల పండగలో స్టాల్ దగ్గర నిలబడితే అవే మాటలు వినిపిస్తాయి. కొత్తగా రాయాలనుకునే పిల్లలు వాటిని నమ్మి దెబ్బతింటున్నారు, అందుకే రాస్తున్నాను.

అపోహ: "అంతా కల్పనే కదండీ, ఏది తోస్తే అది రాసేయొచ్చు."

అన్నిటికన్నా ఎక్కువ చేటు చేసేది ఇదే. మూడో నవలలో పదివేల మంది సైన్యాన్ని ఇరవై రోజుల ప్రయాణానికి పంపాను. పద్దులు రాసే అలవాటు కదా, తిండి లెక్క వేసి చూశాను. మనిషికి రోజుకి అరకిలో బియ్యం చొప్పున యాభై క్వింటాళ్ళు. ఎడ్లబండికి పది క్వింటాళ్ళు వేసినా రోజుకి ఐదు బళ్ళు, ఇరవై రోజులకి వంద బళ్ళు. ఎడ్లతో సహా, మధ్యలో కాస్త సందు వదిలి, బండికి పన్నెండు మీటర్లు వేసుకుంటే వరస పన్నెండు వందల మీటర్లయింది. మన ప్రకాశం బ్యారేజీ 1223.5 మీటర్లు! ఆ ఆదివారం పొద్దున్నే వెళ్ళి సీతానగరం వైపు కొసన నిలబడి బెజవాడ ఒడ్డుకేసి చూశాను. అక్కడ ఎవరైనా చెయ్యి ఊపినా నాకు కనపడదు. నడిస్తే పద్దెనిమిది నిమిషాలు పట్టింది. అంటే కొండదారిలో మొదటి బండి మీద రాక్షసి పడితే, చివరి బండివాడు ఇంకా పాట పాడుకుంటూనే ఉంటాడన్నమాట. పాఠకులు ఇప్పటికీ గుర్తుచేసే అధ్యాయం ఆ బ్యారేజీ మీద పుట్టింది.

మాయకీ ఇదే పద్ధతి. మంత్రం వేస్తే వేసినవాడికి ఏం ఖర్చవుతుందో ముందే తేల్చుకోవాలి. నా మాంత్రికుడు మంత్రం వేసిన ప్రతిసారీ ఒక జ్ఞాపకం పోగొట్టుకుంటాడు, వాడు ఏమేం మర్చిపోయాడో వరసగా ఒక నోటుబుక్కులో రాసుకుంటాను. లేకపోతే ఐదో అధ్యాయంలో మర్చిపోయిన అమ్మ పేరుని నలభయ్యో అధ్యాయంలో వాడి నోట పలికించేస్తాను, పాఠకుడు పట్టేస్తాడు.

"పిల్లల పుస్తకాలా అండీ?" అని కూడా అడుగుతారు. పింగళి సూరన 16వ శతాబ్దంలోనే కళాపూర్ణోదయం రాశాడు. ఒకరి రూపం ఇంకొకరు తెచ్చుకోవడం, కథలో కథ, పెద్దవాళ్ళకి కూడా రెండుసార్లు చదివితే గానీ ముడి విడదు.

అపోహ: ఉద్యోగం మానేస్తే తప్ప పెద్ద నవల రాదు.

దయచేసి మానొద్దు. చందమామలో తోకచుక్క లాంటి సీరియళ్ళు రాసిన దాసరి సుబ్రహ్మణ్యం గారు మన గుంటూరు జిల్లా మనిషే. 1952 నుంచి యాభై ఏళ్ళకు పైగా ఆ పత్రికలో ఉద్యోగం చేస్తూనే రాశారు, సీరియల్ మీద ఆయన పేరు కూడా వేసేవారు కాదు. ఇంగ్లీషు రచయిత టోల్కీన్ ఆక్స్‌ఫర్డ్‌లో పాఠాలు చెప్పుకుంటూనే 1937లో మొదలుపెట్టిన 'లార్డ్ ఆఫ్ ది రింగ్స్' అనే పెద్ద నవలని 1949కి ముగించాడు, అది అచ్చయింది 1954-55లో. నా లెక్క కూడా చెబుతాను. 500 ప్రతులు వేస్తాను, ధర 250 రూపాయలు, షాపుకి 40 శాతం కమీషన్ పోతే 150, అచ్చు ఖర్చు 110. మిగిలేది ప్రతికి నలభై. అన్నీ అమ్ముడుపోవడానికి రెండేళ్ళు పడుతుంది, వచ్చిన ఇరవై వేలల్లోనే డీటీపీ, ప్రూఫులు, ముఖచిత్రం. ఇంటి అద్దె టెన్షన్ నెత్తిన పెట్టుకుని ఎవరూ మంచి వాక్యం రాయలేరు.

అపోహ: కాపీరైట్ రిజిస్టర్ చేయించకపోతే కథ మనది కాదు.

1957 కాపీరైట్ చట్టం ప్రకారం రాసినప్పటి నుంచే హక్కు రాసినవాళ్ళది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. రచయిత బతికినంత కాలమూ, ఆపైన 60 ఏళ్ళూ ఉంటుంది. అది చేజారేది సంతకం దగ్గర. మొదటి నవలకి ఒక పబ్లిషర్ ఒక్క పేజీ కాగితం ఇస్తే, పుస్తకం వస్తోందన్న సంతోషంలో చదవకుండా సంతకం పెట్టాను. "సర్వహక్కులూ" అని ఉంది, ఎన్నాళ్ళో లేదు. తర్వాత ఆడియో కోసం ఒకరు అడిగితే, నా నవల గురించి నేనే అవునని చెప్పలేకపోయాను, ఆ రాత్రి నిద్రపట్టలేదు. చివరికి తెలిసిన లాయరు గారు 19వ సెక్షన్ చూపించారు: కాలం రాయకపోతే ఐదేళ్ళని, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకేనని లెక్క. అప్పటికి నాలుగేళ్ళయింది, ఇంకో ఏడాది ఆగి నవలని వెనక్కి తెచ్చుకున్నాను. కాబట్టి ప్రింటు, ఆడియో, అనువాదం, సినిమా దేనికది విడిగా రాయించుకోండి, ఎన్నేళ్ళో అంకెల్లో వేయించండి. పుస్తకాన్ని గుర్తుపట్టడానికి వేసే ఐఎస్‌బీఎన్ నంబరుకి డబ్బులడిగితే ఇవ్వకండి, మన దేశంలో అది ఉచితం.

ఇంకోటి, నన్ను బాగా బాధపెట్టే మాట: "మంచు లేదు, అడవి లేదు, ఈ బెజవాడ ఎండల్లో ఫాంటసీ ఏం పుడుతుంది?"

కొండపల్లి కోట ఉంది, ఉండవల్లి గుహల్లో పడుకున్న అనంతపద్మనాభుడున్నాడు. కానీ నాకు ఎక్కువ నేర్పింది బుడమేరు వాగు. 2024 సెప్టెంబర్ 1న అది పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు, అక్కడ మా తమ్ముడింట్లో కింద గదిలో నా పుస్తకాలు మూడు వందలున్నాయి, కట్టలు కూడా విప్పలేదు. నీళ్ళు తీశాక వెళ్తే తలుపు తెరుచుకోలేదు, కాగితం ఉబ్బి లోపలి నుంచి అడ్డంపడింది. గోడ మీద నా గుండె ఎత్తున గీత, గీత కింద ఆరిన బురద చేప పొలుసుల్లా లేచి ఉంది. అప్పుడు రాస్తున్న నవలలో ఒక పట్నం మునుగుతుంది, నీళ్ళు తీయగానే జనం పండగ చేసుకుంటారని రాసి పెట్టుకున్నాను. ఆ అధ్యాయం మొత్తం కొట్టేశాను. ఇప్పుడక్కడ ఒక ముసలావిడ గీత దాకా గోడ కడుగుతూ ఉంటుంది. మాంత్రికుడు మంత్రం వెయ్యడు, వేస్తే ఆవిడ పేరు మర్చిపోతాడు, అందుకని పొద్దుగూకేదాకా బావి నుంచి కడవతో నీళ్ళు మోస్తాడు.