ఎక్మో మీద ఉన్న రోగికి ఇన్ఫెక్షన్: అపోహలు - వాస్తవాలు

రోగి బంధువులూ, ఐసీయూకి కొత్తగా వచ్చిన జూనియర్ డాక్టర్లూ ఎక్మో (రక్తాన్ని ఒంట్లోంచి బయటికి తీసి, ఆక్సిజన్ ఎక్కించి తిరిగి పంపే యంత్రం) గురించి అడిగేవి చాలావరకు ఒకటే.

అపోహ: జ్వరం లేదు కాబట్టి ఇన్ఫెక్షన్ లేదు.

వాస్తవం: ఒంట్లోంచి బయటికొచ్చిన రక్తం ఆక్సిజనేటర్‌తో పాటు, నీటితో రక్తం ఉష్ణోగ్రతను సరిచేసే హీట్ ఎక్స్ఛేంజర్‌నూ దాటి తిరిగి లోపలికి వెళ్తుంది. ఆ నీటిని 37 డిగ్రీల దగ్గర పెడితే రక్తం కూడా దాదాపు అక్కడే ఉంటుంది. చార్టులో కనిపించేది మనం సెట్ చేసిన ఉష్ణోగ్రతే, రోగిది కాదు. అందుకే వేరే గుర్తులు వెతకాలి. బీపీ నిలబెట్టే మందు పెంచాల్సి వస్తోందా? లాక్టేట్ (ఒంటికి రక్తం, ఆక్సిజన్ చాలకపోతే రక్తంలో పెరిగేది) ఎక్కుతోందా? కఫం చిక్కబడిందా? నిన్న మాట్లాడిన మనిషి ఇవాళ మత్తుగా ఉన్నాడా? నేనైతే ఇంకొకటి కూడా చూస్తాను: అదే ఉష్ణోగ్రత కోసం నీటిని మునుపటి కంటే చల్లగా పెట్టాల్సి వస్తే, లోపల జ్వరం ఉన్నట్టే అనుకుంటాను.

అపోహ: సీఆర్‌పీ (ఒంట్లో వాపు ఉంటే రక్తంలో పెరిగే ప్రోటీన్) పెరిగి, ప్లేట్‌లెట్లు పడిపోతే సెప్సిసే (ఇన్ఫెక్షన్ ముదిరి అవయవాలు దెబ్బతినడమే).

వాస్తవం: కాకపోవచ్చు. ప్లాస్టిక్ గొట్టాలు తగిలినా చాలు, రక్తం రెచ్చిపోతుంది, సీఆర్‌పీ పెరుగుతుంది. ప్లేట్‌లెట్లను సర్క్యూట్ (ఎక్మో గొట్టాలు, పంపు, ఆక్సిజనేటర్) తగ్గిస్తుంది, ఒక్కోసారి రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ తగ్గిస్తుంది.

అపోహ: అంత లావు గొట్టాలు పెట్టారు కదా, ముందుజాగ్రత్తగా యాంటీబయాటిక్ నడపాలి.

వాస్తవం: ఎక్మో ఉందన్న ఒక్క కారణంతో రోజూ ఇస్తే మేలు జరుగుతుందని ఆధారాలు లేవు. మొండి బ్యాక్టీరియాకీ, క్యాండిడా అనే ఫంగస్‌కీ దారి తెరిచినట్టే అవుతుంది. ఛాతీ తెరిచి ఉంచిన రోగుల సంగతి వేరు.

అపోహ: సర్క్యూట్ మందుల్ని పీల్చేస్తుంది, అన్ని యాంటీబయాటిక్‌ల డోసూ రెట్టింపు చేయాలి.

వాస్తవం: నాకు ఎక్కువ చిరాకు తెప్పించేది ఇదే, ఎందుకంటే ఇందులో సగం నిజం ఉంది. కొవ్వులో కరిగేవి, ప్రోటీన్లకు గట్టిగా అంటుకునేవి ట్యూబులకు పట్టేస్తాయి. మత్తుమందుల్లో ఫెంటానిల్, ఫంగస్ మందుల్లో వోరికొనజోల్ అలాంటివే. సర్క్యూట్ కొత్తదైతే రక్తంలో వోరికొనజోల్ లెవెల్ తక్కువగా రావచ్చు. ట్యూబులు మందుతో నిండాక అదే డోసు ఎక్కువైపోవచ్చు. అందుకే లెవెల్ ఒక్కసారి చూసి వదిలేయకూడదు.

యాంటీబయాటిక్‌లలో మెరోపెనెమ్, వాంకోమైసిన్ నీటిలో కరిగేవి. పెద్దవాళ్లలో వీటిని సర్క్యూట్ పెద్దగా పట్టుకోదు. వీటి డోసును నిర్ణయించేవి కిడ్నీ పనితీరు, ఒంట్లో చేరిన నీరు, డయాలిసిస్ వేగం. కిడ్నీలు దెబ్బతిన్న రోగికి ‘ఎక్మో కదా’ అని వాంకోమైసిన్ పెంచితే, మిగిలిన కిడ్నీ కూడా పోవచ్చు. మరోవైపు, మొదటి డోసు విషయంలో పిసినారితనం వద్దు. కిడ్నీలు ఎలా ఉన్నా అది పూర్తిగా ఇవ్వాలి.

అపోహ: రక్తంలో క్రిమి కనబడగానే సర్క్యూట్ మార్చేయాలి.

వాస్తవం: మార్చేటప్పుడు కాసేపు సపోర్టు ఆగుతుంది, అదే పెద్ద ప్రమాదం. ముందు ఊపిరితిత్తులు, సెంట్రల్ లైన్ (మందుల కోసం పెద్ద సిరలో పెట్టిన సన్నని గొట్టం), క్యాన్యులా (ఎక్మో గొట్టం) పెట్టిన చోటు చూడాలి. సరైన మందు పడుతున్నా క్యాండిడా రక్తం కల్చర్లలో (క్రిములను పెంచి చూసే పరీక్షల్లో) వస్తూనే ఉంటే అప్పుడు మార్పు గురించి ఆలోచిస్తాం. అసలు కల్చర్ ఎక్కడి నుంచి తీశారో కూడా అడగాలి. పాత లైన్ నుంచి తీసిన ఒక్క సీసాలో చర్మం మీదుండే స్టాఫిలోకాకస్ (ఒక బ్యాక్టీరియా) పెరిగితే, అది బయటి నుంచి కలిసిందేమో అని, శుభ్రం చేసిన చర్మం నుంచి మళ్లీ తీయించి చూస్తాను.