ఎగరకముందే వరుసలో నిలబడాలి

2018 జనవరిలో స్వార్మ్ టెక్నాలజీస్ అనే అమెరికా కంపెనీ నాలుగు బుల్లి ఉపగ్రహాలను భారత పీఎస్‌ఎల్‌వీ రాకెట్ మీద కక్ష్యలోకి పంపింది. మరీ చిన్నవి కాబట్టి వాటి జాడ పట్టుకోవడం కష్టమని అమెరికా నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ అంతకుముందే అనుమతి నిరాకరించింది. కంపెనీ ఆగలేదు. ఆ ఏడాది చివరికి 9 లక్షల డాలర్లు కట్టుకోవాల్సి వచ్చింది.

ఇక్కడ కర్ర పట్టుకున్నది సొంత దేశపు సంస్థ. ఉపగ్రహాలు వాడే రేడియో ఫ్రీక్వెన్సీలు ఒకదానికొకటి అడ్డురాకుండా చూసేది జెనీవాలోని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్, అంటే ఐటీయూ. దానికి పోలీసులు లేరు. దాని రేడియో నిబంధనలు దేశాల మధ్య ఒప్పందం. అందుకే ఏ కంపెనీ అయినా, విశ్వవిద్యాలయం అయినా నేరుగా ఐటీయూ తలుపు తట్టడానికి వీల్లేదు. దరఖాస్తును తన దేశపు టెలికాం అధికారులకు ఇస్తే, వాళ్లు దేశం పేరున పంపుతారు. రేపు ఆ ఉపగ్రహం ఎవరి సిగ్నల్‌కైనా అడ్డొస్తే జవాబు చెప్పాల్సింది కూడా ఆ దేశమే.

అసలు పోటీ 35,786 కిలోమీటర్ల ఎత్తున, భూమి నుంచి చూస్తే ఉపగ్రహం ఒకేచోట నిలిచినట్టు కనిపించే భూస్థిర కక్ష్యలో. అక్కడ ఒకే ఫ్రీక్వెన్సీ వాడే రెండు ఉపగ్రహాలు మరీ దగ్గరైతే సిగ్నళ్లు కలగాపులగం అవుతాయి. కాబట్టి చాలా బ్యాండ్లలో, అంటే ఫ్రీక్వెన్సీ శ్రేణుల్లో, ముందు వచ్చినవారిదే ముందు వరుస. మీ అభ్యర్థన అందిన తేదీయే మీ ఆస్తి. ఐటీయూ వివరాలు ప్రచురించాక, ఇబ్బంది పడే దేశాలు నాలుగు నెలల్లో చెప్పాలి. ఆ తర్వాత బేరాలు: పవర్ తగ్గించు, బీమ్ కాస్త పక్కకు తిప్పు, ఆ ఛానల్ వదులుకో. ఇవి ఏళ్లకేళ్లు సాగుతాయి. ఒప్పందం కుదిరితే ఆ ఫ్రీక్వెన్సీ అంతర్జాతీయ మాస్టర్ రిజిస్టర్‌లోకి ఎక్కుతుంది. తర్వాత వచ్చేవాళ్లు దాన్ని ఇబ్బంది పెట్టకుండా సర్దుకోవాలి.

తేదీకి ఇంత విలువ ఉంటే కర్చీఫ్ వేసి సీటు ఆపుకునేవాళ్లు రారా? 1980ల చివర్లో టోంగా అనే బుల్లి ద్వీపదేశం 16 కక్ష్యా స్థానాలు అడిగింది. పెద్ద గొడవే అయింది, చివరికి ఆరుతో సరిపెట్టుకుంది. 2021లో రువాండా పేరున 3 లక్షలకు పైగా ఉపగ్రహాలకు దరఖాస్తు పడింది. ఇలాంటి కాగితపు ఉపగ్రహాలను ఏరేయడానికే ఏడేళ్ల గడువు. ఆలోపు భూస్థిర కక్ష్యలో నిజమైన ఉపగ్రహం ఒకటి ఆ స్థానానికి చేరి, వరుసగా 90 రోజులు నిలవాలి. వేల ఉపగ్రహాల సమూహాలకు ఐటీయూ 2019 రేడియో సదస్సు మెట్లు పెట్టింది: ఏడేళ్లు ముగిశాక రెండేళ్లలో 10 శాతం, ఐదేళ్లలో సగం, మరో రెండేళ్లలో మొత్తం. నన్నడిగితే ఇదీ కాస్త ఉదారమే.

కాలేజీ విద్యార్థులు చేసే చిన్న ఉపగ్రహాలకు ఇంత రగడ ఉండదు. చాలా బ్యాండ్లలో సమన్వయ బేరాలు లేకుండా ముందస్తు ప్రచురణ, తర్వాత నమోదు సరిపోతాయి. అమెచ్యూర్ (హాబీ రేడియో) ఫ్రీక్వెన్సీలు వాడేవాళ్లు ముందు అంతర్జాతీయ అమెచ్యూర్ రేడియో యూనియన్‌తో ఫ్రీక్వెన్సీ ఖరారు చేసుకుంటారు. కానీ దేశపు అధికారుల మెట్టు మాత్రం వీళ్లకూ తప్పదు. టెన్షన్ అంతా అక్కడే. రాకెట్‌లో చోటు దొరికాక ఫైలు మొదలుపెడితే, లాంచ్ తేదీ వచ్చేస్తుంది, కాగితం రాదు.