ఆఫీసు నెట్టుకి తాళం ఎందుకు పడింది?

విజయనగరంలో గానీ శ్రీకాకుళంలో గానీ పాతిక మంది పనిచేసే ఆఫీసు ఏదైనా తీసుకోండి, ఈ గొడవ ఏదో ఒక రూపంలో ఉంటుంది. "ఏటి బాబూ, ఈ కుర్రోళ్ళు పనికొస్తన్నారా, పాటలకొస్తన్నారా, ఆ యూట్యూబ్ ఆపీ" అని ఓనరు, "జీఎస్టీ రిటర్న్‌లో ఎర్రర్ వస్తే వీడియో చూసే సరిచేస్తున్నాం సార్" అని అకౌంట్స్ వాళ్ళు, మధ్యలో ఇద్దరి చేతా తిట్లు తినేది నెట్‌వర్క్ చూసేవాడు. చూడ్డానికి క్రమశిక్షణ గొడవలా ఉంటుంది గానీ మొదలైంది మాత్రం డబ్బుల దగ్గర.

మన దేశంలో మామూలు జనానికి ఇంటర్నెట్ వచ్చింది 1995 ఆగస్టు 15న, ప్రభుత్వ సంస్థ వీఎస్ఎన్ఎల్ ద్వారా, అదీ ముందు మహానగరాలకి. మన వైపు చిన్న ఆఫీసుల్లో రోజంతా నెట్ ఉండడం అలవాటైంది 2005లో బీఎస్ఎన్ఎల్ బ్రాడ్‌బ్యాండ్ డేటావన్ మొదలై అది మన ఊళ్ళకీ చేరాకే. 256 కేబీపీఎస్ లైను, దాని మీద పది కంప్యూటర్లు. 5 ఎంబీ పాట దిగడానికి దగ్గర దగ్గర మూడు నిమిషాలు, అదీ మిగతా తొమ్మిది మందీ చేతులు కట్టుకుని కూర్చుంటే. పైగా నెలకి ఇన్ని ఎంబీలని కోటా, దాటితే ఎంబీకి ఇంతని బిల్లు. (రాత్రి రెండు నుంచి పొద్దున్న ఎనిమిది దాకా ఫ్రీ అనే ప్లాన్ ఉండేది, అలారం పెట్టుకుని లేచినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది.)

ఆ లైను పొదుపు చెయ్యడానికి చాలామంది పెట్టుకున్నది స్క్విడ్ అనే ఉచిత ప్రాక్సీ (ఆఫీసు కంప్యూటర్లకీ బయటి నెట్‌కీ మధ్యలో కూర్చునే సాఫ్ట్‌వేర్), 1996 నాటిది. ఒకరు తెరిచిన పేజీని దాచిపెట్టి, రెండోవారు అడిగితే బయటికి వెళ్ళకుండా అక్కడి నుంచే ఇవ్వడం దాని పని. అయితే అందరి రాకపోకలూ దాని గుండానే కాబట్టి ప్రతిదీ లాగ్‌లో, అంటే దాని చిట్టాలో, పడేది. ఒక్కో లైనులో సమయం, అడిగిన కంప్యూటర్ ఐపీ (నెట్‌వర్క్‌లో దాని నంబరు), ఎన్ని బైట్లు, ఏ సైటు, ఆపేస్తే టీసీపీ డినైడ్ అని. పొదుపు కోసం పెట్టిన పెట్టె అలా హాజరు పట్టీ అయి కూర్చుంది. ఆ లాగ్ మొదటిసారి చూసిన ఏ ఓనరూ ఇక మామూలుగా ఉండలేడు! మనిషి నిజంగా చూశాడా, లేక ట్యాబ్ వదిలేసి టీకి వెళ్ళాడా అన్నది అందులో ఉండదు, ఆ సంగతి ఎవరూ అడగరు కూడా.

తర్వాత ఆపడం మొదలైంది. మొదట్లో మోటుగా, అక్షరాలు పట్టుకుని ఆపేవాళ్ళు. 1996లో ఇంటర్నెట్ ఇచ్చే అమెరికా కంపెనీ ఏఓఎల్ ఇలాగే ఇంగ్లండ్‌లోని స్కంథార్ప్ ఊరివాళ్ళని ఖాతాలు తెరవనివ్వలేదు, ఊరి పేరు మధ్యలో ఒక బూతు మాట అక్షరాలు ఉన్నాయని. ఇక్కడ ఇంగ్లీషులో చాట్ అన్న నాలుగు అక్షరాలూ ఆపి చూడండి, వినాయక చతుర్థి పేజీలు కూడా పోతాయి. అందుకే సైట్లని కేటగిరీలుగా విడదీసి అమ్మే కంపెనీలు పుట్టాయి, వెబ్‌సెన్స్ లాంటివి. మనవాళ్ళకి బాగా తెలిసింది మాత్రం అహ్మదాబాద్‌లో పుట్టిన సైబరోమ్, 2014లో సోఫోస్ కొనేసింది. ఐపీ చిరునామా చివర 8090 అని ఉండే, ఎవరి పేరు, పాస్‌వర్డ్ వాళ్ళు కొడితేనే నెట్ ఇచ్చే దాని లాగిన్ పేజీని ఇంజనీరింగ్ కాలేజీల్లో చదివిన చాలామంది మర్చిపోలేరు. అక్కడి నుంచి లెక్క కంప్యూటర్ మీద కాదు, మనిషి పేరు మీద.

2016 సెప్టెంబరులో జియో రావడంతో కథ తిరగబడింది. ఆఫీసులో ఆపితే జేబులో ఫోన్ ఉంది, డేటా చవక. అప్పటికే సైట్లన్నీ హెచ్‌టీటీపీఎస్‌కి (మనకీ సైటుకీ మధ్య నడిచేదంతా తాళం వేసి పంపే పద్ధతి) మారుతున్నాయి, దాంతో ఫిల్టర్‌కి సైటు పేరు తెలుస్తుంది గానీ లోపల ఏముందో తెలీదు. లోపలికి చూడాలంటే ఆఫీసు తన సొంత సర్టిఫికెట్ (ఇది అసలు సైటేనని బ్రౌజర్‌ని నమ్మించే డిజిటల్ పత్రం) ఒకటి ప్రతి కంప్యూటర్‌లోనూ ఎక్కించాలి. అలా ఎక్కిస్తే, మినహాయింపు పెట్టకపోతే, మీరు లంచ్‌లో తెరిచిన బ్యాంకు పేజీ కూడా మధ్యలో ఒకసారి విప్పి మళ్ళీ మూస్తారు. యూట్యూబ్ ఆపడం కంటే ఇది చాలా పెద్ద విషయం, కానీ గొడవ మాత్రం యూట్యూబ్ గురించే జరుగుతుంది.

చట్టం వైపు చూస్తే రెండు దారులు. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రత సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో కంపెనీలు లాగ్‌లు 180 రోజులు దాచాలంది, చిన్న పరిశ్రమలకి ఆ సెప్టెంబరు దాకా గడువిచ్చింది. అంటే లాగ్ తీసేస్తే తప్పు. ఇంకోవైపు 2017 ఆగస్టులో సుప్రీంకోర్టు గోప్యత ప్రాథమిక హక్కని తేల్చింది. అదే ఏడాది సెప్టెంబరులో యూరప్ మానవ హక్కుల కోర్టు, యాహూ మెసెంజర్ వాడాడని ఉద్యోగం పోయిన రుమేనియా ఇంజనీరు బర్బులెస్కు కేసులో అతని పక్షాన నిలిచింది, ఎంతవరకు గమనిస్తారో ముందే చెప్పారా అన్నది అక్కడ ముఖ్యమైన ప్రశ్న. మనల్ని ఆ తీర్పు కట్టెయ్యదు. మన 2023 డేటా రక్షణ చట్టమైతే ఉద్యోగ అవసరాలకి, సంస్థకి నష్టం రాకుండా చూసుకోడానికి, సిబ్బంది సమాచారాన్ని వాళ్ళ అనుమతి లేకుండా వాడుకోవచ్చనే అంటుంది. కంపెనీ రహస్యాలు బయటికి పోకుండా లాగ్ చూడడం దాని కిందికి వస్తుంది. ఎవరు ఎన్ని నిమిషాలు రీల్స్ చూశారో ప్రింట్ తీసి నోటీసు బోర్డుకి అంటించడం కూడా దాని కిందికే వస్తుందని వాదించేవాళ్ళున్నారు, నాకు మాత్రం ఆ వాదన నిలబడుతుందని అనిపించదు.