ఫ్లోరోసెంట్ డైల వెలుగు: అపోహలు - వాస్తవాలు

కణాల లోపలి ప్రోటీన్లను మైక్రోస్కోప్‌లో చూడటానికి వాడే ఫ్లోరోసెంట్ డైలను, అంటే కాంతిని పీల్చుకుని మళ్లీ వెలుగుగా వదిలే రంగులను, తయారుచేయడం నా పని. బయాలజీ వాళ్లు మమ్మల్ని అడిగేది దాదాపు ఎప్పుడూ ఒకటే: "ఇంతకన్నా బ్రైట్‌గా ఉండేది ఏమైనా ఉందా?" న్యాయమైన ప్రశ్నే. సిగ్నల్ చాలకపోతే నెలల తరబడి పడ్డ కష్టం మసక బొమ్మగా మిగిలిపోతుంది. కానీ వెలుగు అనేది డై అణువు ఒక్కదాని గుణమే అనుకుంటే అక్కడే చిక్కు. అణువు ఎక్కడుంది, దేనికి అతుక్కుంది, చుట్టూ ఏముంది అన్నదాన్ని బట్టి కూడా వెలుగు మారుతుంది. నేను తరచూ వినే అపోహలు కొన్ని రాస్తున్నాను.

అపోహ: క్వాంటమ్ యీల్డ్ ఎక్కువ ఉంటే ఆ డై బ్రైట్ అన్నట్టే.

పీల్చుకున్న ఫోటాన్లలో ఎన్ని మళ్లీ వెలుగుగా బయటికి వస్తాయన్నదే క్వాంటమ్ యీల్డ్. అసలు ఎన్ని పీల్చుకుంటుందన్నది వేరే లెక్క. దాన్ని మోలార్ శోషణ గుణకం చెబుతుంది. ఈ రెండింటినీ గుణిస్తే వచ్చేదే ప్రకాశం. 1871లో అడాల్ఫ్ ఫాన్ బేయర్ తయారుచేసిన ఫ్లోరెసీన్ అనే డై క్వాంటమ్ యీల్డ్ క్షార ద్రావణంలో 0.9 పైమాటే. సై5 అనే ఎరుపు డైకి 0.2, 0.3 మధ్యే ఉంటుంది. కానీ సై5 శోషణ గుణకం సుమారు 2,50,000, ఫ్లోరెసీన్‌ది అందులో మూడో వంతు. గుణించి చూస్తే రెండూ దగ్గర దగ్గరగానే ఉంటాయి. పైగా ఆ ఫ్లోరెసీన్‌నే కణంలోని లైసోజోమ్ లాంటి ఆమ్లం ఎక్కువున్న చోట పెడితే డల్ అయిపోతుంది. ఇంకో సంగతి, ఈ అంకెలన్నీ డై బాగా పీల్చుకునే తరంగదైర్ఘ్యం దగ్గర కొలిచినవి. మీ లేజర్ అక్కడ లేకపోతే అవి మీకు అక్కరకు రావు.

అపోహ: వెలుగు పెంచాలంటే అణువును మొత్తం మార్చాలి, లేదా ఇంకా పెద్దది చేయాలి.

నాకు ఈ రంగంలో అన్నిటికన్నా నచ్చిన రసాయనం ఇక్కడే ఉంది. రోడమీన్ బి అనే డై ద్రావణాన్ని ఫ్లోరిమీటర్‌లో (వెలుగును కొలిచే పరికరంలో) పెట్టి నెమ్మదిగా వేడి చేయండి. డిగ్రీకి సుమారు 2 శాతం చొప్పున వెలుగు పడిపోతుంది. చల్లారనిస్తే మళ్లీ వస్తుంది. అంటే అణువు చెడిపోలేదు, శక్తి ఇంకో దారిన పోతోందన్నమాట. కాంతిని పీల్చుకున్నాక నైట్రోజన్‌కూ పక్కనున్న వలయానికీ మధ్య బంధం మెలి తిరుగుతుంది. ఆ మెలికలో ఎలక్ట్రాన్ ఒకటి నైట్రోజన్ నుంచి వలయంలోకి జరుగుతుంది. ఇక ఆ శక్తి వెలుగుగా రాకుండా వేడిగా పోతుంది. వేడి పెరిగేకొద్దీ మెలి తిరగడం కూడా పెరుగుతుంది.

ఈ మెలికను ఆపడానికి నైట్రోజన్‌ను వలయాలతో బిగించేయడం పాత పద్ధతి. రోడమీన్ 101 అలాంటిదే. దాని క్వాంటమ్ యీల్డ్ దాదాపు 1. కాకపోతే అణువు బరువెక్కుతుంది, నీటిలో కరగడం కష్టమవుతుంది. 2015లో అమెరికాలోని జనీలియా పరిశోధన కేంద్రంలో రసాయన శాస్త్రవేత్త ల్యూక్ లావిస్ బృందం చాలా చిన్న మార్పుతో పని కానిచ్చింది. టెట్రామిథైల్‌రోడమీన్‌లో నైట్రోజన్ మీద ఉండే రెండేసి మిథైల్ సమూహాలు తీసేసి, ఆ చోట అజెటిడీన్ పెట్టారు. మూడు కార్బన్లు, ఒక నైట్రోజన్ ఉన్న నాలుగు మూలల వలయం అది. క్వాంటమ్ యీల్డ్ 0.41 నుంచి 0.88కి వెళ్లింది. శోషణ గుణకం కూడా 78,000 నుంచి 1,01,000 అయింది. రెండూ కలిపితే ప్రకాశం రెండున్నర రెట్ల పైనే పెరిగింది. అణువు సైజు మాత్రం దాదాపు అంతే. అదే జనీలియా ఫ్లూర్ 549.

అపోహ: సీసాలో బాగా వెలిగే డై కణంలోనూ బాగా వెలుగుతుంది.

ఇది పట్టుకునే చాలామంది తప్పు డై ఎంచుకుంటారు. రోడమీన్ అణువుకు రెండు రూపాలుంటాయి. తెరుచుకున్న రూపానికి రంగు ఉంటుంది, వెలుగుతుంది. మూసుకున్న రూపానికి రంగూ ఉండదు, వెలుగూ ఉండదు, కానీ కణం పొరలోంచి సులువుగా దూరిపోతుంది. రెండూ ఒకదాని నుంచి ఒకటిగా మారుతూనే ఉంటాయి.

అదే అజెటిడీన్ మార్పుతో వచ్చిన ఎరుపు డై జనీలియా ఫ్లూర్ 646నే తీసుకోండి. మామూలు నీటిలో దాని శోషణ గుణకం 5,000 మాత్రమే. దానికి మూలమైన సిలికాన్ రోడమీన్‌కు 28,000 ఉంటుంది. ఈ అంకెలు మాత్రమే చూసేవాళ్లు కొత్త డైని పక్కన పడేస్తారు. దాన్నే ఆమ్లం కలిపిన ఇథనాల్‌లో పోస్తే గుణకం 1,52,000కి లేస్తుంది. అణువులో సత్తా ఉంది, నీటిలో మూసుకుని ఉందంతే. మనం చూడాలనుకునే ప్రోటీన్‌కు జోడించి పెట్టే, డైని పట్టుకునే హాలోట్యాగ్ ప్రోటీన్‌కు అతుక్కోగానే తెరుచుకుని వెలుగుతుంది. అతుక్కోని అణువులు చీకటిగానే ఉండిపోతాయి కాబట్టి బ్యాక్‌గ్రౌండ్ తక్కువ. బతికున్న కణాలను పదేపదే కడగాల్సిన పనీ తగ్గుతుంది.

మరి మూసుకున్న రూపమే ఎక్కువుండేలా చేస్తే ఇంకా మంచిదా అంటే, కాదు. హద్దు దాటితే ప్రోటీన్ మీద కూడా డై తెరుచుకోదు. అజెటిడీన్ మీద ఫ్లోరిన్ పరమాణువులు పెట్టి ఈ తూకాన్ని కొంచెం కొంచెంగా జరుపుతాం. ఫ్లోరిన్ ఎలక్ట్రాన్లను లాగేసుకుంటుంది, దాంతో డై మూసుకునే వైపు మొగ్గుతుంది. డిజైన్‌లో మా సమయం ఎక్కువగా ఈ సర్దుబాట్లకే పోతుంది. కొత్త డై గురించి ఎవరైనా చెబితే నేను ముందు అడిగేది కూడా ఇదే: అతుక్కోకముందు ఎంత, అతుక్కున్నాక ఎంత?

అపోహ: యాంటీబాడీకి ఎన్ని డై అణువులు తగిలిస్తే అంత వెలుగు.

డైని కోరుకున్న ప్రోటీన్ దగ్గరికి చేర్చడానికి దాన్ని యాంటీబాడీకి అతికిస్తారు. ఎక్కువ తగిలిస్తే లాభం కొంతవరకే. ఆ తర్వాత డై అణువులు ఒకదానికొకటి మరీ దగ్గరై, ఒకదాని వెలుగును ఇంకొకటి ఆర్పేస్తాయి. యాంటీబాడీ తన లక్ష్యాన్ని పట్టుకునే చోట అతుక్కుంటే అది పని చేయడమే మానేస్తుంది. సై5 వాడేవాళ్లు లేబులింగ్ అయ్యాక శోషణ వర్ణపటం (ఏ తరంగదైర్ఘ్యం దగ్గర ఎంత కాంతి పీల్చుకుంటుందో చూపే గీత) ఒక్కసారి తీసి చూసుకోండి. అందులో పెద్ద శిఖరం పక్కన, 600 నానోమీటర్ల దగ్గర ఉండే చిన్న ఉబ్బు (భుజం) పైకి లేచిందంటే డైలు ఒకదాని మీద ఒకటి పేర్చుకుపోయినట్టే. డైకి ఋణావేశం ఉన్న సల్ఫోనేట్ సమూహాలు తగిలించేది చాలావరకు ఈ బాధ తగ్గించడానికే.

అపోహ: వెలుగు చాలకపోతే లేజర్ పవర్ పెంచితే సరి.

ఒక ఫోటాన్ పీల్చుకున్న అణువు కొన్ని నానోసెకన్ల తర్వాతే ఇంకొకటి పీల్చుకోగలదు, అంటే వేగానికి ఒక పరిమితి ఉంది. ఎక్కువ కాంతి పడేకొద్దీ ట్రిప్లెట్ స్థితిలోకి, అంటే వెలుగు ఇవ్వకుండా ఎక్కువసేపు చిక్కుకుపోయే స్థితిలోకి, జారే అవకాశాలూ పెరుగుతాయి. ఆ స్థితిలో ఆక్సిజన్‌తో చేరి అణువు పాడవుతుంది. అలాగని ఆక్సిజన్‌ను పూర్తిగా తీసేస్తే ట్రిప్లెట్‌లోనే ఇరుక్కుని మిణుకుమంటుంది. అందుకే అణువును ట్రిప్లెట్ నుంచి బయటికి లాగే ట్రోలాక్స్ లాంటివి కూడా కలుపుతారు. ఒక్కో అణువును విడిగా చూసే పనిలో ముఖ్యం, ఆరిపోయేలోపు అది మొత్తం ఎన్ని ఫోటాన్లు ఇచ్చిందన్నదే. ఫోటాన్లు నాలుగు రెట్లయితే దాని స్థానం రెండు రెట్లు కచ్చితంగా తెలుస్తుంది.

అపోహ: డై రంగు ఎరుపు వైపు వెళ్లేకొద్దీ అన్నీ లాభాలే.

కణం సొంత వెలుగు తగ్గుతుంది, కణజాలంలో ఇంకా లోతుకు చూడవచ్చు, రెండూ నిజమే. కానీ ఎరుపు వైపు వెళ్లేకొద్దీ ఉత్తేజిత స్థితికీ మామూలు స్థితికీ మధ్య శక్తి తేడా చిన్నదవుతుంది. అప్పుడు ఆ శక్తి బంధాల కంపనాల్లోకి సులువుగా జారిపోయి వేడైపోతుంది. దానికి చుట్టూ ఉన్న నీరు కూడా తోడవుతుంది. భారజలంలో (హైడ్రోజన్ బదులు దాని బరువైన రూపం ఉన్న నీటిలో) వేస్తే కొన్ని ఇన్‌ఫ్రారెడ్ డైలు బాగా వెలిగేది అందుకే. అదీ కాక చాలా డిటెక్టర్లు ఆ వైపు అంత చురుగ్గా ఉండవు. మీరు చూసేది గాజు మీద పలచగా పెరిగిన కణాలనే అయితే, ఇంకో రంగు అడ్డు రాకపోతే, జనీలియా ఫ్లూర్ 549 తరహా డైతోనే మొదలుపెట్టండి.